జమ్ముపెట్టెకు కీలు పూసిన తల్లి

(హోసూరులో తల్లిదండ్రులు, యువతీయువకులు కలిసి కూర్చున్న కూడికలో ఒక పాస్టరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు ప్రసంగం మొదలు పెట్టే ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక అమ్మాయి, అప్పుడు పదో తరగతి, ఒక కాగితం తీసుకొని నా దగ్గరికి వచ్చింది. ఒక ఏడాది అమెరికాలో ఒక కుటుంబంతో ఉండి, అక్కడి బడిలో చదివి తిరిగి వచ్చే ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాము. ఖర్చంతా వాళ్ళదే. "అయ్యగారూ, మా నాయనతో మీరొక మాట చెప్పండి" అంది. సాయంత్రం వాళ్ళ నాయన కూడా వచ్చాడు. "ఆడబిడ్డని అంత దూరం ఎట్ల పంపేది అయ్యా? ఏమన్నా అయితే ఎవరు జవాబు?" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "ప్రార్థన చేద్దాం అన్నా" అన్నాను. వినడానికి భక్తిగా ఉంది. నిజానికి ఆ కాగితం నేను చదవనే లేదు. చదివితే అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. దరఖాస్తు తేదీ దాటిపోయింది. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండగానే పెళ్ళి చేశారు. ఇప్పుడు సిప్‌కాట్‌లో షిఫ్టు పని చేస్తోంది. ఆ పనిని నేను చిన్నచూపు చూడటం లేదు, ఆ జీతంతో ఒక ఇల్లు నడుస్తోంది. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు నేను జవాబు ఇవ్వలేదు. ప్రార్థన అనే మాటను తప్పించుకోవడానికి వాడుకున్నాను.

ఈ ఏడాది ఇంకో అమ్మాయి అలాంటి కాగితమే తీసుకొని వచ్చింది. ఈసారి చదివాను. అందుకే ఈ ప్రసంగం.

నిర్గమకాండము రెండో అధ్యాయంలో ఒక తల్లి ఉంది. ఆమె పేరు యోకెబెదు. మగబిడ్డలను నదిలో పడేయమని రాజాజ్ఞ. మూడు నెలలు బిడ్డను దాచింది, ఇక దాచలేకపోయింది. అప్పుడు ఏం చేసింది? మనం ఆదివారపు బడిలో "బిడ్డను నీళ్ళ మీద వదిలేసింది" అని చెప్పేస్తాం. వాక్యం అంత తొందరగా చెప్పదు. ఆమె ఒక జమ్ముపెట్టె తెచ్చింది. నీళ్ళు లోపలికి రాకుండా జిగటమన్ను, కీలు పూసింది. నది మధ్యలో కాదు, ఒడ్డున జమ్ములో పెట్టింది. ఏమవుతుందో చూడమని బిడ్డ అక్క దూరంగా నిలబడింది. సరైన సమయానికి ఆ అక్క మాట్లాడింది, బిడ్డ మళ్ళీ తల్లి ఒడికే పాలకు వచ్చాడు.

ఆమెకు వేరే దారి లేదు, మనకు ఉంది. ఆ తేడా నాకు తెలుసు. కానీ ఆమె దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. ఆమె విశ్వాసం కళ్ళు మూసుకోలేదు. విశ్వాసంతోనే కీలు పూసింది, విశ్వాసంతోనే కాపలా పెట్టింది. పంపడం అంటే వదిలేయడం కాదు. ఎక్కడెక్కడ నీళ్ళు కారతాయో వెతికి పూడ్చడం.

ఇప్పుడు మన పెట్టెకు ఎక్కడ కీలు పూయాలో చూద్దాం.

మొదటి ప్రశ్న, ఇది ఎవరు నడిపేది? మన పిల్లలకు ఎక్కువగా వినబడే పేరు కెనెడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ, పొట్టిగా యస్ ప్రోగ్రాము. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, ద్వేషానికి మందు పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు ఉండటమే అనే ఆలోచనతో 2002లో అమెరికా ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. మన దేశంలో పిల్లల ఎంపిక చూసేది ఏఎఫ్ఎస్ అనే సంస్థ. దాని పుట్టుక తెలుసుకుంటే మీకు సంతోషంగా ఉంటుంది. 1915లో, మొదటి ప్రపంచయుద్ధంలో, గాయపడిన సైనికులను అంబులెన్సుల్లో మోసిన స్వచ్ఛంద సేవకులు వాళ్ళు. రెండో యుద్ధం కూడా చూశాక, గాయాలకు కట్టు కట్టడం చాలదు, యుద్ధమే రాకుండా ఏదైనా చేయాలి అనుకున్నారు. 1947 నుంచి బడిపిల్లలను దేశం నుంచి దేశానికి పంపి కుటుంబాల్లో ఉంచడం మొదలుపెట్టారు. రోటరీ వాళ్ళకు కూడా 15 నుంచి 19 ఏళ్ళ వారికి యూత్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. జపాన్ ప్రభుత్వం 2018లో ఆసియా దేశాల హైస్కూలు పిల్లల కోసం కాకెహాషి అనే పథకం పెట్టింది. ఆ మాటకు వంతెన అని అర్థం. ఇవన్నీ ప్రతి ఏడూ ఒకేలా నడవవు, నిధులను బట్టి మారుతుంటాయి. కాబట్టి ఆ ఏడాది నియమాలను ఆ సంస్థనే నేరుగా అడిగి తెలుసుకోవాలి, పక్కింటి వాళ్ళు చెప్పింది కాదు.

రెండోది, డబ్బు. యస్ లాంటి పూర్తి స్కాలర్‌షిప్పులో విమాన ఖర్చు, బడి, ఆరోగ్య బీమా, నెలకు కొంచెం చేతి ఖర్చు అన్నీ కలిసే ఉంటాయి. లక్షలు కట్టించుకొనే ప్రోగ్రాములూ ఉన్నాయి. మీరు ఇల్లు కుదువ పెట్టి పంపుతానంటే నేను వద్దనే చెబుతాను. ఎంపిక చేయిస్తాను, ఇంత ఇవ్వండి అని ఎవరైనా ఏజెంటు అంటే లేచి వచ్చేయండి. విశాఖపట్నం వైపు నుంచి మన తెలుగు యువకులను ఉద్యోగాలని కంబోడియా తీసుకుపోయి, సైబర్ మోసాల పనిలో బందీలుగా పెట్టిన సంగతి 2024లో అందరం చదివాం. వాళ్ళ తల్లిదండ్రులు కూడా ప్రార్థన చేసే పంపి ఉంటారు. కీలు పూయాల్సిన చోటు ఇదే. కాగితం చూడాలి, సంస్థను చూడాలి, డబ్బు ఎటు పోతోందో చూడాలి.

మూడోది, బిడ్డ ఎవరి ఇంట్లో ఉంటుంది? అమ్మలకు రాత్రి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. అమెరికా ప్రభుత్వ నియమాల ప్రకారం, బడిపిల్లలను ఇంట్లో పెట్టుకొనే కుటుంబంలో పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరి మీదా నేరచరిత్ర తనిఖీ జరగాలి. ఇంటికి వచ్చి చూడాలి, ఇంటివాళ్ళతో మాట్లాడాలి. బిడ్డకు అదే ప్రాంతంలో ఒక కోఆర్డినేటరు ఉండాలి, నెలనెలా మాట్లాడాలి. ఇల్లు కుదరకపోతే మార్చే ఏర్పాటు ఉంటుంది. ఇంత ఉన్నా ప్రమాదమే లేదని నేను చెప్పను. అలా చెబితే అబద్ధమవుతుంది. ఎవరైనా చెడుగా తాకితే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ మాట చెప్పాలి, ఎంత రాత్రయినా మాకు చెప్పవచ్చు అని మీరు బిడ్డతో నోరు తెరిచి మాట్లాడాలి. ఈ మాటలు ఇంట్లో మాట్లాడటానికి మనకు సిగ్గు. ఆ సిగ్గే మన పెట్టెకు పెద్ద చిల్లు.

ఒకటి ఆలోచించండి. 2024లో మన క్రిష్ణగిరి జిల్లాలోనే ఒక బడిలో నకిలీ ఎన్‌సీసీ శిబిరం పెట్టి ఆడపిల్లల మీద ఎంత ఘోరం జరిగిందో మీకు తెలుసు. అది పరాయి దేశం కాదు, మన భాష, మన బస్సు వెళ్ళే ఊరు. వచ్చినవాడు ఎవడని ఎవరూ తనిఖీ చేయలేదు. ప్రమాదం దూరంలో ఉండదు. అడిగేవాడు లేని చోట ఉంటుంది.

నాలుగోది, తిరిగి వస్తుందా? ఈ ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద వెళ్ళిన విద్యార్థి చదువు ఏడాది కాగానే తిరిగి రావాలి. వచ్చాక రెండేళ్ళు స్వదేశంలో ఉండకుండా అక్కడ స్థిరపడే వీసాలు దొరకవు. ఇది అమెరికాలో ఉండిపోవడానికి దారి అనుకొని పంపేవాళ్ళు ఉంటే, దయచేసి పంపకండి. వెళ్ళి, నేర్చుకొని, తెచ్చి ఇవ్వడానికే ఇది.

అయిదోది, చదువులో ఒక ఏడాది పోతుందా? పోవచ్చు. అక్కడి క్లాసును ఇక్కడి బోర్డు ఎలా లెక్క కడుతుందో బడి హెడ్‌మాస్టరుతో ముందే మాట్లాడి, రాతలో తీసుకోవాలి. కొందరు తిరిగి వచ్చి పదకొండో పన్నెండో మళ్ళీ చదవాల్సి రావచ్చు. మన కాపులు భూమిని ఒక పంటకాలం బీడు పెట్టడం చూశారు కదా. ఆ ఏడాది భూమి పోయిందని ఎవరూ అనరు.

ఆరోది, విశ్వాసం. "అయ్యగారూ, అక్కడికి పోయి దేవుణ్ణి మరిచిపోతే?" ఆతిథ్యమిచ్చే కుటుంబం క్రైస్తవులే అయి ఉండాలని నియమం లేదు. అమెరికా అంతా క్రైస్తవ దేశమనేది మన ఊహ. దానియేలును, అతని స్నేహితులను చూడండి. బబులోనుకు చెరగా పోయిన యౌవనులు. కల్దీయుల భాష నేర్చుకున్నారు, వాళ్ళ విద్యలు నేర్చుకున్నారు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగారు. అది కూడా గొడవ పడి కాదు, పది రోజులు పరీక్షించి చూడండి అని మర్యాదగా అడిగి. ఏది నేర్చుకోవాలో, ఎక్కడ ఆగాలో వాళ్ళకు తెలుసు. ఇంటి నుంచి కాలు బయట పెట్టగానే రాలిపోయే విశ్వాసాన్నే మనం పదహారేళ్ళు నేర్పి ఉంటే, ఆ తప్పు అమెరికాది కాదు, నాదీ మీదీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పాక కూడా చాలామంది నాన్నలు తల ఊపరు. ఎందుకంటే ఏడో ప్రశ్న ఒకటుంది, దాన్ని పైకి అనరు. "రేపు దీనికి పెళ్ళెట్ల అయ్యేది? నలుగురూ ఏమంటారు?" అబ్బాయి అడిగితే అప్పు చేసైనా పంపాలని చూస్తాం. అమ్మాయి అడిగితే ప్రార్థన చేద్దాం అంటాం. అంచెట్టి, తళ్ళి కొండ ఊళ్ళలో ఇప్పటికీ పద్దెనిమిది నిండకుండానే బడి మాన్పించి పెళ్ళి చేస్తున్న సంగతి మనకు తెలుసు. పదహారేళ్ళ బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు ఆ ఇంట్లో వాళ్ళ నేరచరిత్ర ఎవరైనా తనిఖీ చేశారా? నెలనెలా వెళ్ళి ఎలా ఉన్నావని అడిగే కోఆర్డినేటరు ఉన్నాడా? తిరుగు టికెట్టు ఉందా? తెలియని ఇంటికి బిడ్డను పంపడం మనకు కొత్త కాదు. చదువుకోసం పంపడమే కొత్త.

ఇంకో మాట. మనలో చాలామంది దళిత కుటుంబాల వాళ్ళం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రీస్తును నమ్ముకున్న దళితుడు షెడ్యూల్డు కులం జాబితాలో లేడు. తమిళనాడులో మనల్ని వెనుకబడిన తరగతుల్లో పెట్టారు. కాబట్టి ఎస్సీ పిల్లలకు కేంద్రం ఇచ్చే విదేశీ చదువుల స్కాలర్‌షిప్పు మన పిల్లలకు అందదు. ఆ అన్యాయం మీద మన పోరాటం ఆగదు. అయితే ఆ తలుపు తెరుచుకునే దాకా, కులం కాగితం అడగకుండా బిడ్డ తెలివిని, నడవడిని చూసే తలుపు ఒకటి తెరిచి ఉంటే, దాన్ని మన చేతులతోనే మూయాలా? బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు సహాయంతో న్యూయార్కు వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆయన తెచ్చింది పట్టాలు మాత్రమే కాదు, మన బతుకును చూసే కొత్త చూపు తెచ్చారు.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఉంది. అజరయ్య గారు పుట్టింది తిరునల్వేలి వైపు, తమిళ కుటుంబంలో. 1907లో టోక్యోలో ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల మహాసభకు వెళ్ళారు. 1910లో ఎడిన్‌బరో సభలో నిలబడి, మీరు మాకు ఎన్నో ఇచ్చారు, ఇక స్నేహం ఇవ్వండి అనే భావంతో తెల్ల మిషనరీల ముందు మాట్లాడారు. 1912లో దోర్నకల్లు బిషప్పు అయి తెలుగు పేదల మధ్య జీవితాన్ని గడిపారు. బయటి లోకం చూసినవాడు మనకు దూరం కాలేదు, ఇంకా దగ్గరయ్యాడు. ఒక పరాయి ఇంట్లో అదే బల్ల దగ్గర కూర్చొని తిని, గిన్నెలు కడిగి, వాళ్ళ బిడ్డగా ఒక ఏడాది ఉండే మన అమ్మాయి, ఆయన అడిగిన స్నేహానికే ఒక చిన్న జవాబు.

దూరం ఎందుకు, నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ. వ్యవసాయ కూలీల బిడ్డ, గురుకులం విద్యార్థిని. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు ఇంకా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఒక్కసారిగా పంపలేదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగు, తర్వాత లడాఖ్, ఆ తర్వాతే ఎవరెస్టు. అది కూడా కీలు పూయడమే.

ఇక తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ వైపు తిరుగుతున్నాను. మీరు నాన్నను అడిగే తీరు సరిగా లేదు. దరఖాస్తుకు చివరి రోజు రాత్రి, నాన్న షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోను ముందు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. కాదంటే తలుపు వేసుకుంటారు, అన్నం మానేస్తారు. నెహెమ్యా గ్రంథం చదవండి. షూషను కోటలో అతను యెరూషలేము వార్త విన్నది కిస్లేవు నెలలో, రాజును అడిగింది నీసాను నెలలో. మధ్యలో నాలుగు నెలలు. ఉపవాసం ఉన్నాడు, ప్రార్థించాడు, లెక్కలు కూడా వేసుకున్నాడు. ఎన్ని రోజులు పడుతుంది, ఎప్పుడు తిరిగి వస్తావు అని రాజు అడిగితే తడుముకోలేదు, గడువు చెప్పాడు. దారిలో అధికారులకు పత్రికలు కావాలన్నాడు, మాను ఇవ్వడానికి ఆసాపుకు ఉత్తరం కావాలన్నాడు. అడిగే ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాడు.

మీరూ అలా సిద్ధపడండి. ఆ ఇంగ్లీషు కాగితాన్ని రెండు పేజీలకు కుదించి నాన్నకు అర్థమయ్యేలా రాయండి. మన హోసూరు తెలుగువాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళం మాత్రమే చదవగలిగే వాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. నాన్నకు ఏ లిపి వస్తే ఆ లిపిలో రాయండి. అస్సలు చదువు రాకపోతే కూర్చొని చదివి వినిపించండి. అమ్మతో ముందు మాట్లాడండి. ఆ ప్రోగ్రాములో పోయి వచ్చిన విద్యార్థి ఎవరైనా ఉంటే వాళ్ళ తల్లిదండ్రులతో మీ తల్లిదండ్రులను ఫోనులో మాట్లాడించండి. మీరు చెప్పే వంద మాటల కంటే ఇంకో అమ్మ చెప్పే ఒక మాట బలమైనది. ఆంధ్రలో, తెలంగాణలో సంక్షేమ గురుకులాల పిల్లలు ఇలా వెళ్ళి వచ్చినవాళ్ళు ఉన్నారు.

ఇంట్లో మీ నడవడి కూడా సాక్ష్యం చెప్పాలి. తిన్న కంచం అమ్మ చేత కడిగించుకొనే అబ్బాయి, పరాయి ఇంట్లో ఏడాది ఉంటానంటే ఎవరు నమ్ముతారు? నలభై కిలోమీటర్ల బెంగుళూరుకు పోయి చెప్పిన వేళకు తిరిగి రండి. చెప్పిన మాట మీద నిలబడండి. సంతకం ఫోర్జరీ చేయకండి, అబద్ధం చెప్పకండి. మైనరు పాస్‌పోర్టుకైనా, దరఖాస్తుకైనా తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అది న్యాయమే. అన్నీ చేశాక కూడా వద్దంటే, కారణం అడగండి, కోపంతో కాదు. వచ్చే ఏడాదికి ఏం చేస్తే ఒప్పుకుంటారో అడగండి. ఒక్కోసారి కాదనడమే సరైన జవాబు. బిడ్డ ఆరోగ్యం బాగాలేకపోయినా, బిడ్డకే ఇష్టం లేక అమ్మానాన్నలు గొప్ప కోసం తోస్తున్నా, పంపకూడదు.

మీకు ధైర్యం చెప్పే మాట ఒకటి. మీరు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కంపెనీ బస్సులో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. ఈ సరిహద్దులో పుట్టడం మనకు ఒక కొరత అనుకుంటూ పెరిగాం. పరాయి ఇంట్లో ఒదిగిపోవడం నేర్పిన బడి ఇదే.

సంఘ పెద్దలారా, మన పని ఏమిటి? బిడ్డ తిరిగి వచ్చాక శాలువా కప్పి ఫోటో తీసుకోవడం కాదు. పాస్‌పోర్టు కోసం నాన్న ఒక రోజు జీతం పోగొట్టుకుంటే ఆ జీతం సంఘం ఇవ్వగలదా? చెన్నై వీసా ఇంటర్వ్యూకు తోడు ఎవరు వెళ్తారు? హన్నా సమూయేలును మందిరంలో విడిచి వచ్చాక కూడా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకుపోయేది. బిడ్డ కొలత ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకుంటూ కుట్టి ఉంటుంది. మన హోసూరు గులాబీలు ఫిబ్రవరిలో సముద్రాలు దాటి పోతాయి. ఆ పువ్వులు కోసే అమ్మ తన బిడ్డకు చలికోటు కొనలేకపోతే, ఆ కోటు సంఘం కొనాలి.

నేను మొదట చెప్పిన రెండో అమ్మాయి సంగతి మీరు అడుగుతారు. వాళ్ళ నాన్న ఇంకా సంతకం పెట్టలేదు. నేను బలవంతం చేయలేదు, చేయను. పోయిన వారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అయ్యా, నాకు భయం ఇంకా పోలేదు. ఆ కాగితం ఇంకోసారి చదివి చెప్పు, ఈసారి నిదానంగా" అన్నాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఒక్కో లైను చదివాను. ఆయన ఒక్కో లైను దగ్గర ఆపి ప్రశ్న అడిగాడు. కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు, రాసుకున్నాను, కనుక్కొని చెబుతానన్నాను.

ఆ ప్రశ్నలు వింటూ ఉంటే నాకు అనిపించింది, ఈయన కీలు పూస్తున్నాడు అని.

ప్రార్థన చేద్దాం. ఈసారి కాగితం చదివి, చేద్దాం.